ఎవ్వరికిని చెప్పుకొనని బాధ

మా దొడ్డమ్మ తన అరువదియెనిమిదవ ఏట శుభకార్యములకు పోవుట మానివేసినది. ఊరిలో ఏ ఇంట పెండ్లి యైనను తెల్లవారుజామున లేచి, తలంబ్రాల బియ్యము కలుపుట మొదలు అప్పగింతల పాటవరకు అన్నియు తన భుజముల మీద వేసికొని నడపిన మనిషి, సొంత మనుమరాలి పెండ్లికి సైతము "మోకాళ్ళ నొప్పులు, నేను రాలేను నాయనా, మీరు వెళ్ళిరండి" అని గడపలో నిలిచి అక్షింతలు చేతికిచ్చి పంపినప్పుడు మేమందరమును ఆ మోకాళ్ళనే నమ్మితిమి. తైలములు తెచ్చి యిచ్చితిమి; ఎముకల డాక్టరునకు చూపింతుమంటిమి. రెండేండ్లు గడచిన పిమ్మట, దండెముమీద ఆమె ఆరవేసిన బట్టలు లెక్కకు మించి యుండుట గమనించిన మా యింటి కోడలు చాటునకు పిలిచి నెమ్మదిగా అడుగగా అప్పుడు చెప్పినది: "దగ్గినా, తుమ్మినా, పీటమీంచి లేచినా ఆగట్లేదమ్మా. నలుగురిలో చీర తడిస్తే తల ఎక్కడ పెట్టుకోను?"

ఆ రెండేండ్లును ఆమె ఎవ్వరికిని చెప్పలేదు. చెప్పదగిన మాట గాదని ఆమెకు చిన్ననాటనుండియు తెలియును. జ్వరము వచ్చినదని వీధిలో పదిమందికి చెప్పుకొందుము. చక్కెరవ్యాధిని గూర్చి విందుపంక్తిలో కూర్చుండి ముచ్చటింతుము. గుండెకు స్టెంటు వేయించుకొన్నవారు ఆ కథను మరల మరల వినిపింతురు. నడుము దిగువనున్న అవయవముల విషయము వచ్చునప్పటికి మాత్రము మన నోళ్ళు మూతపడును, మన చెవులును మూతపడును. ఈ మౌనము వలన కలుగు నష్టము వ్యాధి వలన కలుగు నష్టముకంటె తక్కువది కాదని చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

తన ఇచ్ఛతో నిమిత్తము లేకుండ మూత్రము వెలువడుటను, అది ఒక్క చుక్క యైనను సరే, మూత్రనిగ్రహలోపముగా పరిగణింపవలెనని 1971లో స్థాపితమైన ఇంటర్నేషనల్ కాంటినెన్స్ సొసైటీ నిర్వచించినది. పురుషులలోకంటె స్త్రీలలో ఇది రమారమి రెండింతలు అధికము. వయస్సుతోపాటు పెరుగునది యైనను, వృద్ధాప్యమునకు అనివార్యమైన ఫలము మాత్రము కాదు. బిడ్డలను కన్నందుకు ఆడుది జీవితాంతము చెల్లింపవలసిన సుంకమును కాదు. దీనికి వేరువేరు రకములున్నవి, ఆ రకములకు వేరువేరు కారణములున్నవి, ఒక రకమునకు పనిచేయు మందు వేరొక రకమునకు ప్రాణాపాయము తెచ్చుటయు కలదు. కావున పొరుగింటివారికి కుదిరిన మాత్రను తెచ్చి మ్రింగుట గాని, ఇది ఇంతేనని ఊరకుండుట గాని తగదు.

దేహమున ఈ సంయమము ఎట్లు సిద్ధించుచున్నదో మొదట తెలిసికొనిన, అది ఎక్కడెక్కడ చెడగలదో తెలియుట సులభము. మూత్రపిండములు అహోరాత్రములు వడగట్టి విడుచు నీరు, దినమునకు సుమారు లీటరున్నర, రెండు సన్నని నాళములగుండ కొద్దికొద్దిగ దిగి మూత్రాశయమును చేరును. ఈ సంచి గోడ కండరముతో నిర్మితమైనది. ముడుచుకొనుట ఎట్లు దాని ధర్మమో, ముడుచుకొనక యోర్చుటయు అట్లే దాని ధర్మము. సైకిలు చక్రములో గాలి కొట్టినకొలదిని లోపలి ఒత్తిడి హెచ్చును. మూత్రాశయపు గోడ యట్లు గాక, నీరు నిండినకొలదిని సాగి చోటిచ్చుచు ఒత్తిడిని చాలవరకు పెరుగనీయదు. 150 నుండి 200 మిల్లీలీటర్లు చేరునప్పటికి తొలి సూచన మనస్సునకు తోచును; 400, 500 మిల్లీలీటర్ల వరకును ఆరోగ్యవంతుడు ఓర్చుకొనగలడు. సంచి మెడకడ లోపలి బిగింపు కండరమొకటి, దాని దిగువను వెలుపలి బిగింపు కండరమొకటి కలవు. మొదటిది మన వశములో లేనిది, రెండవది మనము బిగింపగలిగినది. వీనినన్నిటిని క్రిందినుండి మోయునది, ముందు పొత్తికడుపు దిగువ ఎముకనుండి వెనుక తోకయెముక వరకు ఊయలగుడ్డవలె పరచుకొన్న కటితల కండరముల సముదాయము.

ఈ యంత్రమునకు ఆజ్ఞలు మూడు తావులనుండి వచ్చును. వెన్నుపాము చివర త్రికాస్థికడ వెలువడు నాడులు సంచిని ముడుచుకొనజేయును. మెదడుకాండమునందలి కేంద్రము, దీనిని 1925లో బారింగ్టన్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు పిల్లులపై జరిపిన పరిశోధనలలో గుర్తించెను, సంచి ముడుచుకొనుటను, బిగింపు సడలుటను ఒకే వేళకు జతపరచును. వీని రెంటికిని పైన, నుదుటివెనుక మెదడు "ఇప్పుడు కాదు, ఇక్కడ కాదు" అని ఆపుచుండును. పసిబిడ్డకు ఈ మూడవ అధికారి ఇంకను కొలువు చేరలేదు గనుక ఉయ్యెలలోనే తడుపును. మూడు నాలుగేండ్లకు చేరును. పక్షవాతము వచ్చి మెదడు ముందుభాగము దెబ్బతిన్న పెద్దవానికి ఆ అధికారి మరల తొలగిపోవుటయు సంభవించును. ఎన్ని మాటలు చెప్పినను సూత్రమొక్కటే: నాళమును మూసియుంచు బలము సంచిలోని ఒత్తిడికంటె అధికముగ నున్నంతకాలము మనుష్యుడు పొడిగ నుండును. ఆ తక్కెడ ఏ ప్రక్కకు వ్రాలినను తడి తప్పదు.

మన పూర్వులు ఈ అవయవమును చిన్నచూపు చూడలేదు. శిరస్సు, హృదయము, వస్తి (మూత్రాశయము) అను మూటిని ప్రధాన మర్మములుగ చరకసంహిత గణించినది; బలవంతముగ నాపరాని సహజవేగముల జాబితాలో మూత్రవేగమును చేర్చినది. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రము మూత్రము అడ్డుపడు వ్యాధులగు మూత్రాఘాతములను పండ్రెండు విధములుగ విభజించినది. బిగ్గరగ చెప్పుకొనుటకు వారు సిగ్గుపడని విషయమును మనము సిగ్గుపడి దాచుకొనుచున్నాము.

ఇక రకముల మాట. మా దొడ్డమ్మది శ్రమజన్యమైనది. స్త్రీలలో మిక్కిలి విరివిగ కనబడునదియు నిదియే. ఇక్కడ సంచి చేసిన తప్పేమియు లేదు. దగ్గు, తుమ్ము, నవ్వు, బిందె యెత్తుట, మెట్లెక్కుట, వీనిచేత కడుపులో ఒత్తిడి ఒక్కమారుగ పెరిగినప్పుడు క్రింది ఊయలగుడ్డ వదులై నాళమును నిలిపి మూయలేకపోవుటయే హేతువు. ఆ గుడ్డను వదులు చేయునవి అనేకములు. కాన్పువేళ శిశువు శిరస్సు దిగివచ్చునప్పుడు ఆ కండరములును, వానిని నడపు నాడులును మిక్కుటముగ సాగును, కొందరిలో చినుగును. ముట్లుడిగిన పిమ్మట ఈస్ట్రొజెన్ తగ్గుటచేత నాళపు లోపొర పలుచబడును. స్థూలకాయము, వీడని దగ్గు, ఏండ్లకొలది మలబద్ధముతో ముక్కుట, ఎడతెగని బరువుల మోత, ఇవియన్నియు తోడగును. మన తెలుగు ఇండ్లలో బాలింతకు కాయము పెట్టుదురు, నడుమునకు గుడ్డ కట్టుదురు, పథ్యము చెప్పుదురు. కటితల కండరములకు ఒక్క పూట వ్యాయామము మాత్రము ఎవ్వరును చెప్పరు. పైపెచ్చు నీరు త్రాగనీయని ఆచారము కొన్నియిండ్లలో ఇంకను నిలిచియున్నది. దానివలన మలబద్ధము, దానివలన ముక్కుట, దానివలన అప్పుడే గాయపడిన ఊయలగుడ్డకు మరల దెబ్బ.

తెలుగువారికి ప్రత్యేకముగ చెప్పవలసిన కారణము మరియొకటి యున్నది. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల వయస్సు స్త్రీలలో గర్భసంచి తీసివేయించుకొన్నవారు దేశమంతటిమీద నూటికి 3.2 గురు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 గురు, తెలంగాణలో 7.7 గురు, ఈ రెండు రాష్ట్రములే దేశమున మొదటి రెండు స్థానములలో నిలిచినవి. పిల్లలు పుట్టిరి గదా, ఇక సంచి యెందుకు, తీసివేసిన పీడ విరగడయగును అను మాట మన పల్లెలలో ఎంత సులువుగ దొర్లిపోవునో ఎరుగనివారుండరు. గర్భకోశమును తొలగించునప్పుడు దానిని పట్టియుంచు బంధములను, వాని నంటియున్న నాడులను కదల్పక తప్పదు. స్వీడన్ దేశమున లక్షకు పైగా స్త్రీలను ఏండ్లతరబడి పరిశీలించి 2007లో ప్రకటించిన పరిశోధనలో, ఈ శస్త్రచికిత్స పొందినవారికి తరువాతి కాలమున మూత్రము ఆగని బాధకు మరల శస్త్రచికిత్స చేయింపవలసి వచ్చుట తక్కినవారిలోకంటె రెండింతలకు మించియున్నట్లు తేలినది. కాన్సరు వంటి కారణమున్నప్పుడు ఈ ఆపరేషను ప్రాణదాయకమే. దానిని నేను తప్పుపట్టుటలేదు. తెల్లబట్టకును, నడుమునొప్పికిని గర్భసంచిని బలియిచ్చుటను మాత్రము గట్టిగ తప్పుపట్టుచున్నాను.

రెండవది ఉద్వేగజన్యము. ఇందు తప్పు సంచిదే. అది నిండకమునుపే, మన అనుమతి లేకయే, తనంత తాను ముడుచుకొనును. బయటినుండి వచ్చి తాళము తీయుచున్నంతలో, కుళాయి త్రిప్పిన చప్పుడు వినుచున్నంతలో, చన్నీళ్ళలో చేయి పెట్టినంతలో తట్టుకొనరాని తొందర పుట్టి, దొడ్డివైపు పరుగెత్తునంతలోనే బట్టలు తడియును. పగలు మాటిమాటికి పోవలసి వచ్చుట, రాత్రి నాలుగైదు సార్లు లేచుట దీనికి జతలు. పలువురిలో కారణము కనుగొన వీలుకాదు. కొందరిలో మూత్రమున చీము, రాయి, పక్షవాతము, పార్కిన్సన్ వ్యాధి, వెన్నుపాము దెబ్బ కారణములగును. దినమునకు అయిదారు లోటాల కాఫీ త్రాగువారు ముందుగ ఆ కాఫీని సగమునకు తగ్గించి చూచుట మేలు. శ్రమజన్యమును, ఉద్వేగజన్యమును ఒకే మనిషిలో కలిసియుండుటయు సామాన్యమే. అప్పుడు ఏది యెక్కువ బాధించుచున్నదో దానికి మొదట చికిత్స చేయుదురు.

మూడవదానిని గూర్చి హెచ్చరికతో చెప్పవలసియున్నది, ఏలయన అది మోసగించును. డెబ్బదియేండ్ల వృద్ధుడు "అస్తమానం కారుతూనే ఉంది" అని చెప్పును. ఇంటివారు మూత్రమెక్కువగుచున్నదని భావింతురు. వాస్తవమునకు ఆతని సంచి ఏనాడును ఖాళీ యగుటలేదు. ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి దారి నొక్కివేయుటచేతగాని, చిరకాలపు చక్కెరవ్యాధి నాడులను మొద్దుబార్చుటచేతగాని సంచి నిండి, అలుగు దాటిన చెరువువలె పొర్లుచున్నది. దీని పేరు పొర్లుమూత్రము. వెనుకకు తన్నిన ఆ ఒత్తిడి చప్పుడు లేకుండ మూత్రపిండములను చెరచును. ఉద్వేగజన్యమునకు వాడు, సంచిని సడలించు మాత్రలను ఇట్టివానికిచ్చిన, పోయుచున్న ఆ కొద్దియు బిగుసుకొని ప్రమాదము వాటిల్లును. మూత్రము పోసిన పిమ్మట సంచిలో ఎంత మిగిలినదో కడుపు స్కాను పది నిమిషములలో చూపును. ఆ పరీక్ష లేకుండ వృద్ధులకు మాత్రలు వేయరాదు.

సంచియు, నాడులును బాగుండియు వేళకు చేరలేక తడుపుకొనువారును గలరు. మోకాళ్ళు వంగనివారికి నేలమట్టపు దొడ్డి ఒక కొండ. రాత్రివేళ చీకటి పెరడు ఒక అడవి. వీరికి మందు వైద్యుని చేతిలో కంటె వడ్రంగి చేతిలోను, ఎలక్ట్రీషియను చేతిలోను ఎక్కువగ నున్నది: కూర్చుండు పీఠము, పట్టుకొను కమ్మి, మంచముకడనుండి వెలుగు.

నాలుగు మాటలలో దాటిపోరాని రకము మరియొకటి యున్నది. అది బాధలలోకెల్ల క్రూరమైనది. కాన్పు రెండు మూడు దినములు నిలిచిపోయి, శిశువు తల తల్లి మూత్రాశయమును ముందరి యెముకకు అదిమిపెట్టినప్పుడు, నెత్తురు సోకక ఆ భాగము చచ్చి, కొన్ని దినములకు ఊడి, సంచికిని యోనికిని నడుమ రంధ్రమేర్పడును. ఆ శిశువు తరచుగ మృతశిశువే. ఆనాటినుండి ఆ తల్లికి రేయింబవళ్ళు మూత్రము కారుచుండును. వాసన వచ్చుచున్నదని భర్త వెళ్ళగొట్టును, వీధి వెలివేయును. ఇది క్రొత్త వ్యాధి కాదు. రమారమి నాలుగువేల ఏండ్లనాటి ఈజిప్టు రాజాస్థానపు స్త్రీయగు హెన్‌హెనిట్ యొక్క సంరక్షితదేహమున ఇట్టి రంధ్రమున్నట్లు 1935లో డెర్రీ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. దీనికి శస్త్రచికిత్స కుదిరిన చరిత్ర మనస్సును కలచివేయునది. 1840లలో అమెరికాలోని అలబామా రాష్ట్రమున మాంట్‌గమరీ పట్టణమున జె. మేరియన్ సిమ్స్ అను వైద్యుడు నల్లజాతి బానిసస్త్రీలపై, మత్తుమందు లేకుండ, మరల మరల కోతలు జరిపి, తుదకు 1849లో వెండితీగతో కుట్టి కృతార్థుడయ్యెను. అనార్కా, లూసీ, బెట్సీ అను పేర్లు మాత్రము మనకు దక్కినవి. అనార్కా ఒక్కతెయే సుమారు ముప్పది శస్త్రచికిత్సలు భరించినది. కాదనుటకు ఆమెకు హక్కు లేదు. న్యూయార్కు సెంట్రల్ పార్కునందు నిలిపిన సిమ్స్ విగ్రహమును 2018లో తొలగించిరి. ఈ విద్యను కరుణతో నడపినవారును గలరు: రెజినాల్డ్, కేథరిన్ హామ్లిన్ దంపతులు 1959లో ఇథియోపియాకు పోయి, 1974లో అడిస్ అబాబాలో ఈ స్త్రీలకొరకే ఆసుపత్రి నెలకొల్పిరి. కాన్పు ఆసుపత్రిలో సకాలమున జరిగినచో ఈ గాయము దాదాపు కలుగదు. శస్త్రచికిత్సలు విరివియైన చోట్ల గర్భసంచి తీయునప్పుడు పొరపాటున తగిలిన గాటువలన ఇట్టి రంధ్రమేర్పడుట కద్దు. ఆపరేషనైన కొలది దినములకు ఆగక కారుట మొదలిడిన ఒక్క పూటయు ఆలసింపక శస్త్రవైద్యునికి చూపవలెను.

వైద్యునియొద్దకు పోవునప్పుడు వట్టిచేతులతో పోరాదు. మూడు దినములు ఒక కాగితముమీద, ఎన్ని గంటలకు ఎంత త్రాగితిరి, ఎన్ని గంటలకు ఎంత పోసితిరి, ఎప్పుడు తడిసినది, అప్పుడేమి చేయుచుంటిరి అని వ్రాసికొనుడు. కొలుచుటకు పాత ప్లాస్టిక్ గిన్నె యొకటి చాలును. ఆ కాగితము సగము రోగనిర్ణయము చేసిపెట్టును. తరువాత మూత్రపరీక్ష, రక్తములో చక్కెర, మిగులును చూపు స్కాను, నిండిన సంచితో దగ్గించి చూచుట. పెద్ద యంత్రముల పరీక్షలు అందరికిని అక్కరలేదు. దిద్దుటకు సులువైన కారణములను ముందుగ వెదకవలెను. మూత్రమున చీము పట్టియుండవచ్చును. మలబద్ధము సంచిని త్రోయుచుండవచ్చును. రక్తపోటుకు వేసికొను నీటిమాత్రను సాయంకాలము వేసికొనుచుండవచ్చును. ప్రాజోసిన్ వంటి రక్తపోటు మందు సంచి మెడను సడలించి స్త్రీలలో ఈ బాధను తెచ్చియుండవచ్చును. నిద్రమాత్ర మెలకువను మ్రింగుచుండవచ్చును. మీయంతట మీరు మాత్ర మానుట మాత్రము కూడదు. వేళ మార్చవచ్చునా, మందు మార్చవచ్చునా అని అడుగుడు.

నీరు త్రాగుట తగ్గించుట మన ఆడువారు తమకు తాము చేసికొను చికిత్స. ఆర్టీసీ బస్సులో నాలుగు గంటల ప్రయాణమున్న పూట ఉదయమునుండి గ్రుక్కెడు నీరు ముట్టని ఉపాధ్యాయినులను నేనెరుగుదును. వారిని ఏమనుటకును నోరు రాదు, దారిలో వారికి శుభ్రమైన మరుగుదొడ్డి చూపలేని తప్పు మనది. అయినను పల్నాటి రెంటచింతల యెండలవంటి యెండలలో నీరు మానిన మూత్రము చిక్కనై సంచిని మరింత రేపును. చీము పట్టును, రాళ్ళు కట్టును, మలము బిగియును. త్రాగవలసిన నీరు త్రాగవలెను. పడుకొనుటకు రెండు గంటలముందు మాత్రము తగ్గింపవచ్చును.

చికిత్సలలో మొదట చెప్పదగినది ఒక్క పైసా ఖర్చు లేనిది. లాస్ ఏంజెలస్ నగరమున ఆర్నాల్డ్ కెగెల్ అను స్త్రీవైద్యుడు, కాన్పులవలన సడలిన కండరములను తక్కిన కండరములవలెనే వ్యాయామముచే బలపరుపవచ్చునని తలచి, ఆ బలమును కొలుచు సాధనమును నిర్మించి, 1948లో తన పద్ధతిని ప్రకటించెను. వాయువు బయటికి పోకుండ బిగపట్టినప్పుడు ఏ కండరము లోనికి, పైకి లాగబడునో అదియే. దానిని బిగించి అయిదు క్షణములు నిలిపి, అంతసేపు సడలించి విశ్రాంతినిచ్చి, మరల బిగింపవలెను. అభ్యాసముమీద పది క్షణములవరకు పెంచవచ్చును. ఒక్కొక్క పూటకు ఎనిమిది పండ్రెండు సార్లు, దినమునకు మూడు పూటలు, తక్కువలో తక్కువ మూడు నెలలు. ఊపిరి బిగపట్టరాదు, పొట్టను, తొడలను, పిరుదులను బిగింపరాదు. పలువురు స్త్రీలు లోనికి లాగుటకు మారుగ క్రిందికి ముక్కుదురు. అది బలమునకు బదులు చేటు. కావున మొదటిసారి ఫిజియోథెరపిస్టు గాని, స్త్రీవైద్యురాలు గాని పరీక్షించి సరియైన కండరమును చూపుట అవసరము. మూత్రము పోయుచు నడుమ ఆపుట వ్యాయామముగ అలవరచుకొనరాదు. హఠయోగమున మూలబంధము నెరిగినవారికి ఈ చలనము సుపరిచితముగ తోచును. లక్ష్యములు వేరైనను కండరములు చాలవరకు అవియే. దగ్గు రానున్నదని తెలిసిన క్షణముననే ఆ కండరమును బిగించుట నేర్చినవారు కొద్దివారములలోనే మార్పు చూతురు.

ఉద్వేగజన్యమునకు సంచిని చదివింపవలెను. గంటకొకమారు పోవువారు ఆ గంటను గంటంపావు చేసి, వారమునకు కొంత కొంతగ పెంచి, మూడు గంటలవరకు తేవలెను. తొందర పుట్టినప్పుడు పరుగెత్తక, కూర్చుండి, కటితలమును బిగించి, అల తగ్గిన పిమ్మట నడచిపోవలెను. ఆరువారములకు తక్కువైన సాధనను సాధన యనరాదు. స్థూలకాయులకు బరువు తగ్గుట ఔషధమే: 2009లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో ఆరునెలలలో తమ బరువులో నూటికి 8 వంతులు తగ్గిన స్త్రీలకు తడియు సందర్భములు సుమారు సగము తగ్గినవి.

ఇంతటితో చాలనివారికి మందులున్నవి. ఆక్సిబ్యుటినిన్, టోల్టెరోడిన్, సోలిఫెనసిన్ సంచిని శాంతింపజేయును. నోరెండుట, మలబద్ధము వీని దోషములు, వృద్ధులలో జ్ఞాపకశక్తిని మసకబరచుటయు కలదు. మిరాబెగ్రాన్ వేరొక మార్గమున పనిచేయును, రక్తపోటును చూచుకొనుచుండవలెను. ముట్లుడిగినవారికి యోనిలో పూయు ఈస్ట్రొజెన్ లేపనము ఉద్వేగమును ఉపశమింపజేయును. మాత్రలు పనిచేయనప్పుడు మూత్రాశయపు గోడలో బొటాక్స్ సూదులు వేయుదురు. గుణము కొన్ని నెలలు నిలుచును, పిదప మరల వేయవలెను, కొందరికి కొంతకాలము గొట్టముతో మూత్రము తీసికొనవలసి వచ్చును. త్రికాస్థి నాడికి సన్నని విద్యుత్తు నిచ్చు సాధనమును అమర్చుటయు నొక మార్గము. సంచి వెళ్ళగ్రక్కలేనివారు రోజునకు నాలుగైదు మారులు తామే శుభ్రమైన చేతులతో గొట్టము వేసికొని ఖాళీ చేసికొనవచ్చునని 1972లో అమెరికా వైద్యుడు జాక్ లాపిడెస్ చూపిన పద్ధతి, వెన్నుపాము విరిగినవారి మూత్రపిండములను కాపాడుచున్నది.

శ్రమజన్యమునకు శస్త్రచికిత్స ఫలవంతమైనదే. 1961లో బర్చ్ అను వైద్యుడు ప్రతిపాదించిన కుట్టుపద్ధతియు, రోగి దేహమునుండియే తీసిన నారపట్టీతో నాళమును మోయించు పద్ధతియు నేటికిని నిలిచియున్నవి. 1996లో స్వీడన్‌లో ఉల్మ్‌స్టెన్ అను వైద్యుడు ప్రవేశపెట్టిన ప్లాస్టిక్ పట్టీ లోకమంతట విస్తరించినది. కొందరు స్త్రీలలో ఆ పట్టీ లోపలి పొరలను చీల్చి తీరని నొప్పిని తెచ్చుటచే, ఫిర్యాదులు పెల్లుబికి, ఇంగ్లాండులో 2018లో దాని వాడుకకు అడ్డుకట్ట వేసిరి. పట్టీ వేయుదుమన్న వైద్యుని "ఇది దేనితో చేసినది, తీయవలసి వచ్చిన తీయగలరా" అని అడుగుటకు రోగికి సంపూర్ణమైన హక్కు కలదు. ప్రోస్టేట్ కాన్సరుకు గ్రంథిని తీయించుకొన్న పురుషులలో మొదట మూత్రము ఆగకపోవుట సామాన్యము. ఏడాదిలో చాలమందికి తగ్గును, ఈ వ్యాయామమే వారికిని ఉపకరించును, తగ్గనివారికి కృత్రిమ బిగింపు సాధనమున్నది. ఇక పిల్లల మాట: ఐదేండ్లు దాటిన పిల్లవాడు పక్క తడిపిన కొట్టరాదు, చెల్లెలి ముందు హేళన చేయరాదు; వాడు నిద్రలో చేసిన దానికి వాని తప్పు లేదు.

మా దొడ్డమ్మను స్త్రీవైద్యురాలికి చూపగా, గర్భసంచి కొంత జారియున్నదని కనుగొని, లోపల నిలుపు రింగు వేసి, వ్యాయామము నేర్పినది. నాలుగు నెలలకు తడియుట పూర్తిగ పోలేదు గాని, దినమునకు ఆరేడు మారులుండినది వారమునకు ఒకటి రెండు మారులైనది. చేతిసంచిలో మడత గుడ్డ యొకటి పెట్టుకొని, పక్కయూరి గృహప్రవేశమునకు పోయి, పాలు పొంగించు వేళకు పొయ్యిదగ్గర నిలిచినది.

పాఠకులారా, మీ యింట పెండ్లికి రానన్న పెద్దవారుందురు. గుడికి పోవుట మానినవారుందురు. మోకాళ్ళ నొప్పులని చెప్పుదురు. ఈ ఆదివారము ఇంటిలో ఎవ్వరును లేని వేళ చూచి, ప్రక్కన కూర్చుండి, మెల్లగ అడుగుడు. సిగ్గుపడి తల వంచుకొనిన, నవ్వకుడు, జాలిపడకుడు. ఒక కాగితము, ఒక కలము చేతికిచ్చి మూడు దినములు వ్రాయుమని చెప్పి, నాలుగవ దినము ఆసుపత్రికి మీరు వెంట పొండు.